ఊరంతా కొన్న విత్తనమే మనమూ కొనాలా?

నర్సంపేట పత్తిచేను: మృగశిర దగ్గరపడింది. మా ఊళ్లో అందరి నోటా ఒకటే పత్తి విత్తనం పేరు. ఎందుకంటే "అందరూ అదే కొంటున్నరు" అంటారు. ఇదేం తెలివి?

హన్మకొండ సారు: గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త మన వరంగల్ జిల్లా ఊళ్లలోనే తిరిగి 2007లో దీనిమీద వ్యాసం వేశాడు. 2002లో బీటీ పత్తికి (పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తి) అనుమతి వచ్చాక సంగతి అది. ఒక ఏడు ఒక పేరు ఊరిని ఊపేస్తుంది, తర్వాత దాన్ని అడిగేవాడుండడు. గుణం చూసి కాదు, ఒకరిని చూసి ఒకరు కొన్నారన్నాడు.

పరకాల నల్లరేగడి: అమెరికా ఆయనకు మన చేను ఏం తెలుసు? పక్క చేను చూడటమే మా చదువు. గట్టు మీద నిలబడితే కాయ కనబడదా?

హన్మకొండ సారు: కాయ కనబడుతుంది, విత్తనం కనబడదు. ఆ చేనుకు బోరుందా, ఎన్నిసార్లు మందు కొట్టారు, నల్ల రేగడా ఎర్ర చల్కనా, అన్నీ కలిస్తేనే ఆ కాయ.

జనగామ తమ్ముడు: చల్కలో పత్తి ఎవరేస్తారు సార్?

పరకాల నల్లరేగడి: మేమే వేస్తాం. నువ్వాగు తమ్మీ.

హన్మకొండ సారు: ఇది పత్తికే కాదు. 1951లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త ఒక పరీక్షలో మనుషులను గీతల పొడవు అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు కావాలని తప్పు చెబితే చాలామంది ఒక్కసారైనా వాళ్లతోనే తల ఊపారు. పక్కన ఒక్కడు నిజం చెప్పినా అది బాగా తగ్గింది.

పరకాల నల్లరేగడి: ఆ ఒక్కణ్ని నేనయ్యాను సారూ! రెండేళ్ల కింద వేరే విత్తనం పెట్టాను. వానలకు అందరి చేలూ పోయాయి, నవ్వింది మాత్రం నన్ను. చాయ్ హోటల్ కాడ మా బావే "సైంటిస్టు వచ్చిండు, జరుగుండ్రి" అన్నడు. అందరితో పోతే నష్టమొక్కటే. ఒంటరిగా పోతే నష్టం, నవ్వు రెండూ. మీ ఆష్ దగ్గర గీత తప్పు చెప్పినోడు మిత్తి కట్టాడా?

నర్సంపేట పత్తిచేను: మిత్తి అంటే గుర్తొచ్చింది. నాకు విత్తనాలు ఉద్దెరకే. నేనొక పేరడిగితే షాపాయన "ఊరంతా ఇదే తీస్కపోయిండ్రు" అని ఇంకో ప్యాకెట్ చేతిలో పెట్టాడు. తర్వాత అడిగితే ఊళ్లో ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పాడట. పొద్దున్నే షటర్ ఎత్తగానే పోయినోనికి కూడా!

పరకాల నల్లరేగడి: మా దగ్గర షటర్ ఎత్తగానే పోయింది నేనే.

హన్మకొండ సారు: మరి గట్టు మీద చూసి కొన్నానన్నారు?

పరకాల నల్లరేగడి: చూశాను. ఉద్దెర పుస్తకం ఆయన దగ్గరుంది.

జనగామ తమ్ముడు: ఇంతకీ ఎకరానికి ఎన్ని ప్యాకెట్లన్నా?