మహేంద్రగిరి మీద రాత్రి టెంట్ వేసుకోవాలంటే పర్మిషన్ ఎవరిస్తారు?

మాది పలాస అండి. డిసెంబర్ 20 శనివారం ఐదుగురం మహేంద్రగిరి ఎక్కి, రాత్రి పైనే టెంట్లో ఉండి సూర్యోదయం చూసి దిగుదామనుకుంటన్నాం. కొండ మందస నుంచి కనబడతాది గానీ ఉన్నది ఒడిశా గజపతి జిల్లాలో, అందుకే మనవైపు ఫారెస్టోళ్ళని అడిగితే మాది కాదన్నారు, అది నిజమే. ఒడిశా వైపు ఒక ఆఫీసుకి రెండు వారాల్లో నాలుగుసార్లు ఫోన్ చేశాను, రెండుసార్లు ఎత్తలేదు, ఒకసారి పగలు గుళ్ళు చూసుకొని వెళ్ళిపోవచ్చు అన్నారు, ఇంకోసారి లెటర్ పెట్టండి అన్నారు, ఎవరి పేరు మీద పెట్టాలి సార్ అంటే ఫోన్ పెట్టేశారు. మెయిల్‌కి జవాబు లేదు.

శాంక్చురీ అయితే 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ ఇస్తారు, కానీ ఇది 2022లో ప్రకటించిన బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్ (జీవవైవిధ్య వారసత్వ ప్రాంతం), రెండూ ఒకటి కాదు కదా. డ్రోన్ లేదు, మంట వెయ్యం, చెత్తంతా కిందికి తెచ్చేస్తాం. చెప్పకుండా వెళ్ళిపోండి అని మాత్రం అనకండి, చలికాలం అక్కడ గడ్డి ఎండిపోయుంటాది, అడవికి ఏమైనా అయితే మా వల్ల కాదు భరించడం.

ఈమధ్య రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకొని పైన రాత్రి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, అప్లికేషన్ ఏ అధికారికి ఇచ్చారో చెప్తారా?