స్టెంట్ ఉన్న నాన్నగారికి మళ్లీ ఛాతీ నొప్పి: గుండెదా, గ్యాసా?

నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. 2021లో స్టెంట్ వేశారు. ఉండేది మలక్‌పేటలో. ఈమధ్య మెట్రో మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టవుతోంది, కాసేపు నిలబడితే తగ్గుతోంది. రాత్రి తిని పడుకున్నాక వచ్చే మంట వేరే. ఎక్కడ నొప్పంటే వేలితో చూపించరు, అరచేయంతా రొమ్ము మీద పెడతారు. నొక్కితే నొప్పి లేదు.

ఎమర్జెన్సీలో ఈసీజీ, గంటల తేడాతో రెండుసార్లు ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష) చేశారు. అన్నీ నార్మల్. అంటే అప్పటికి హార్ట్ ఎటాక్ కాదని, అంతేగా? బ్లాక్ లేదని కాదు కదా! ఒక డాక్టరు గ్యాసని పాంటాప్రజోల్ రాశారు, ఇంకొకరు నేరుగా యాంజియోగ్రామ్ అంటున్నారు. క్రియాటినిన్ 1.6 ఉంది, అంటే కిడ్నీలు కాస్త వీక్, అందుకే యాంజియోగ్రామ్‌లో ఎక్కించే డై అంటే భయం. సార్బిట్రేట్ (గుండెనొప్పి మాత్ర) నాలుక కింద పెడితే తగ్గుతోంది గానీ, అన్నవాహిక బిగుసుకున్నా దానికి తగ్గుతుందట. చుట్టాలేమో వాము నీళ్లు తాగించమంటారు, వాళ్లకేం!

గుండెకి రక్తం సరిగా అందుతోందా అని చూసే స్ట్రెస్ థాలియం స్కాన్‌కి ఆ డై అక్కర్లేదు కదా, స్టెంట్ ఉన్నవాళ్లెవరైనా ముందు అది చేయించుకున్నారా? నిమ్స్ న్యూక్లియర్ మెడిసిన్‌లో అపాయింట్‌మెంట్ ఎలా దొరుకుతుంది? ఆరోగ్యశ్రీలో వస్తుందా? నొప్పొచ్చి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలని తెలుసు, అది కాక చెప్పండి.