అప్‌డేట్: చేపలు పట్టే రాడ్ (గేలం కర్ర) రీల్ ఏ చేత్తో తిప్పాలని అడిగాను కదా, ఎడమకి మార్చేశాను

నేను కుడిచేతివాటం, స్పిన్నింగ్ రీల్ (రాడ్ కింద వేలాడుతూ లైన్, అంటే గేలం దారం, చుట్టేది) హ్యాండిల్ ఎటువైపు ఉండాలి అని అడిగితే ఎక్కువమంది ఎడమకే అన్నారు, థాంక్స్ అన్నా అందరికీ. మార్చడం ఏం కష్టం కాదు, అవతలి పక్క స్క్రూ విప్పి హ్యాండిల్ ఇటు తెచ్చి బిగించడమే.

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే దగ్గర ట్రై చేశాను. కుడిచేత్తో విసిరాక రాడ్ చెయ్యి మార్చే పనే లేదు, లూర్ (ఉత్తుత్తి ఎర) నీళ్లలో పడీపడగానే తిప్పడం మొదలెట్టొచ్చు, పండుగప్ప ఒక్కోసారి లూర్ దిగుతుండగానే కొడతాది కాబట్టి ఆ టైంలో లైన్ వదులుగా ఉండకపోవడం చాలా పెద్ద విషయం అండి. పైగా రాడ్ ఆడించేది, చేపని ఆపేది బలమున్న చెయ్యే కదా. మొదట్లో ఎడమ మణికట్టు తిరగదు, రాడ్ కొస ఊగిపోతాది, ఇంటి దగ్గర గేలం లేకుండా చిన్న బరువు కట్టి ప్రాక్టీస్ చేస్తే సెట్ అయిపోద్ది.

మా మావయ్య మాత్రం బోటు మీద పెద్ద రీల్‌కి కుడిచెయ్యే అంటాడు, అక్కడ చుట్టడానికే బలం కావాలి కాబట్టి అదీ నిజమే. బైట్‌కాస్టర్ (రాడ్ పైన బిగించే రకం రీల్) కొంటానన్న తమ్ముడూ, దానికి హ్యాండిల్ మార్చలేం, కొనేటప్పుడే లెఫ్టా రైటా చూసుకో.