డిఫెండర్ ఆట ఎలా చూడాలి? అలెక్స్ రాన్స్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం, ఆఫీసులో అందరూ ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) పిచ్చోళ్లే, వాళ్ల పుణ్యమా అని నాకూ రిచ్‌మండ్ క్లబ్ పిచ్చి అంటుకుంది. పాత మ్యాచ్‌లు చూస్తుంటే వాళ్ల డిఫెండర్ అలెక్స్ రాన్స్ దగ్గర ఆగిపోయాను. ఎదుటి ఫార్వర్డ్‌ని అంటిపెట్టుకుని ఉండాల్సినవాడు, అతన్ని గాలికొదిలేసి ఇంకెవరి మీదికో వచ్చే బంతికి అడ్డంపడి పిడికిలితో గుద్దేస్తాడు, లేదంటే ఏకంగా గాల్లోనే పట్టేస్తాడు! 2014 నుంచి 2018 దాకా వరసగా ఐదుసార్లు ఆల్-ఆస్ట్రేలియన్ జట్టులో (ఏటా లీగ్ మొత్తంలోంచి ఎంచే ఉత్తమ ఆటగాళ్ల జట్టు) చోటు, 2017లో ఆ జట్టుకి కెప్టెన్, అదే ఏడాది రిచ్‌మండ్ 37 ఏళ్ల తర్వాత కప్పు కొట్టింది. 2019 మొదటి మ్యాచ్‌లోనే కార్ల్‌టన్ మీద ఆడుతూ మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది, డిసెంబర్‌లో రిటైర్ అయిపోయాడు. విచిత్రం, అతను లేకుండానే ఆ ఏడాది మళ్లీ కప్పు వచ్చింది.

నా డౌట్ ఇదే. రాన్స్ వదిలేసిన మనిషిని అప్పుడు ఎవరు చూసుకుంటారు? అది కోచ్ వేసిన ప్లానా, లేక అతని సొంత తెగింపా? టీవీలో కెమెరా ఎప్పుడూ బంతి వెనకే పోతుంది, వెనక లైన్ ఎలా జరుగుతోందో ఒక్క ముక్క కనపడదు. ఎంసీజీలో గోల్‌పోస్టుల వెనక కూర్చుంటే తెలుస్తుందా, పై అంతస్తు తీసుకోవాలా? ఇది బాగా అర్థమయ్యే అతని పూర్తి మ్యాచ్ ఏదైనా ఉంటే పేరు చెప్పండి బాబూ, హైలైట్స్ వద్దు.