రిపోర్ట్ కొడితే "ఉల్లంఘన లేదు" అంటున్నారు. కంపెనీ మీద కేసు వేయవచ్చా?

చెల్లి_కోసం:
పొద్దుటి నుంచి దీని మీదే కూర్చున్నాను, బుర్ర పనిచేయడం లేదు. మా చెల్లి ఫోటోలు ఎవడో ఒక పెద్ద యాప్‌లో పెట్టాడు. రిపోర్ట్ కొట్టిన ప్రతిసారీ "మా నిబంధనలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదు" అని అదే జవాబు. అటువైపు మనిషన్నవాడు చూస్తున్నాడో లేదో తెలియదు. చెల్లి అన్నం ముట్టడం లేదు. ఆ కంపెనీని కోర్టుకి లాగవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సర్వర్‌రూమ్:
ఎలాంటి ఫోటోలు? వయసెంత? లింకులు దాచారా? లింకులు ఇక్కడ మాత్రం పెట్టకండి.

డాలస్_తెలుగు:
అమెరికాలో 2025 మే 19న టేక్ ఇట్ డౌన్ చట్టం వచ్చింది. అనుమతి లేకుండా పెట్టిన నగ్న, లైంగిక చిత్రాలను, ఏఐతో చేసినవైనా సరే, బాధితులు అడిగిన 48 గంటల్లో తీసేయాలి. ఆ ఏర్పాటు చేసుకోవడానికి కంపెనీలకు ఏడాది గడువిచ్చారు. దానికి ముందు, యూజర్లు పెట్టినదానికి కంపెనీది బాధ్యత కాదనే 1996 నాటి సెక్షన్ 230 చూపించి తప్పించుకునేవాళ్లు. ఇప్పటికీ అమలు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేతిలోనే ఉంది, బాధితురాలు నేరుగా కంపెనీ మీద దావా వేసే హక్కు ఈ చట్టంలో లేదు. నన్ను బాధపెట్టేది అదే. అసలు 230 ఎలా పుట్టిందంటే...

బెజవాడ_వకీలు:
డాలస్ గారూ, ఆ అమ్మాయి ఇక్కడ ఉంది. ఆ చరిత్ర తర్వాత.
బాబూ, రిపోర్ట్ బటన్ నొక్కడం వేరు, గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అంటే ఫిర్యాదులు చూడటానికి కంపెనీ పెట్టిన అధికారికి, ఫిర్యాదు పెట్టడం వేరు. ఆ ఆఫీసర్ పేరు, ఎలా సంప్రదించాలో యాప్ సైట్‌లో ఉండి తీరాలి. 2021 ఐటీ రూల్స్‌లో 3(2)(బి) కింద అని స్పష్టంగా రాయండి. లింకు, తేదీ, సమయం కనపడే స్క్రీన్‌షాట్లు మీ దగ్గర ఉంచుకోండి. చెల్లి తరఫున మీరు పెట్టినా చెల్లుతుంది. 2 గంటల్లో తీయాలి.

కొత్తపేట_శీను:
24 గంటలు కదా మేడమ్?

బెజవాడ_వకీలు:
2026 ఫిబ్రవరి సవరణకు ముందు 24. ఇప్పుడు 2.

హక్కుల_గొంతు:
తీయకపోతే కంపెనీ పెద్దలు జైలుకే. సేఫ్ హార్బర్, అంటే యూజర్లు పెట్టినదానికి కంపెనీని బాధ్యుణ్ని చేయకుండా కాపాడే చట్ట రక్షణ, పోతుంది.

బెజవాడ_వకీలు:
రెండూ ఒకటి కాదు. రూల్స్ పాటించకపోతే రూల్ 7 ప్రకారం ఐటీ చట్టం సెక్షన్ 79 ఇచ్చే ఆ రక్షణ పోతుంది, అంతవరకే. నేరం విడిగా రుజువు కావాలి.

హక్కుల_గొంతు:
శిక్ష పడనప్పుడు దాన్ని బాధ్యత అని ఎందుకు అనాలి? 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు సెర్చ్ ఇంజిన్లకు ఏం చెప్పింది? బాధితురాలు కొత్త లింకు కనపడిన ప్రతిసారీ మళ్లీ మళ్లీ తిరగకూడదనేగా!

నాన్నగారు_గుంటూరు:
ఆడపిల్లలు ఫోటోలు పెట్టకుండా ఉంటే ఈ టెన్షన్ ఉండదు.

సర్వర్‌రూమ్:
దొంగను వదిలేసి ఇంటివాళ్లను తిట్టకండి.

చెల్లి_కోసం:
వయసు 20. అసలు అవి నిజమైన ఫోటోలు కావు. కాలేజీ ఫెస్ట్ ఫోటోలో ముఖం తీసుకుని ఏఐతో అశ్లీలంగా చేశారు. మూడు ఖాతాల్లో ఉన్నాయి. స్టేషన్‌కి వెళ్తే "అసలువి కావు కదమ్మా, ఎందుకు భయం" అని పంపేశారు.

బెజవాడ_వకీలు:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. తీయించడానికి తేడా ఏమీ లేదు, మార్ఫింగ్ కూడా అదే రూల్‌లో ఉంది. కేసు సెక్షన్లు మాత్రం మారతాయి. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 77 ఏకాంతంలో ఉన్న స్త్రీని చూడటం, చిత్రీకరించడం, ఆ చిత్రాన్ని పంచడం గురించి. ఇక్కడ అలా చిత్రీకరించలేదు కాబట్టి, అశ్లీల, లైంగిక చిత్రాలు ఆన్‌లైన్‌లో పెట్టడం మీద ఉన్న ఐటీ చట్టం 67, 67ఎ అడగండి. 67ఎ కింద మొదటిసారికే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు వేసి ఆ నంబరుతో మళ్లీ స్టేషన్‌కి వెళ్లండి. మా పరిధి కాదంటే, ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173లో ఉంది. గ్రీవెన్స్ ఆఫీసర్ కాదంటే 30 రోజుల్లో ప్రభుత్వం వేసిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి వెళ్లవచ్చు.

సర్వర్‌రూమ్:
అనుమతి లేకుండా పెట్టిన ఇలాంటి చిత్రాలను ఆపించే స్టాప్ ఎన్‌సీఐఐ సైట్ కూడా వాడండి. చెల్లి తన ఫోన్‌లోనే చేయాలి. ఫోటో ఎక్కడికీ పోదు, దాని హాష్ (ఫోటోని గుర్తుపట్టే వేలిముద్ర లాంటి కోడ్) మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన కంపెనీల దగ్గరే పనిచేస్తుంది.

హక్కుల_గొంతు:
వకీలు గారూ, శిక్ష లేనప్పుడు బాధ్యత ఎందుకనాలన్న నా ప్రశ్నకి మీరు జవాబు ఇవ్వలేదు.

చెల్లి_కోసం:
మెయిల్ పెట్టాం. రెండు ఖాతాలు పోయాయి, మూడోదానిలోవి ఇప్పుడు వేరే సైట్‌లో కనపడుతున్నాయి. అందరికీ థాంక్స్ అండి. స్టేషన్‌కి బయల్దేరుతున్నాం.

సర్వర్‌రూమ్:
ఆ సైట్‌కి ఇండియాలో ఆఫీసర్ ఉన్నాడా? లేకపోతే సెర్చ్ ఇంజిన్‌కి కూడా పెట్టాలి. పేరు కొడితే వస్తోందా?