లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం) పెట్టి తర్వాత సీఎస్‌కి (కంప్యూటర్ సైన్స్) మారొచ్చా? ‘ఏషియన్’ బాక్సు ఖాళీగా వదిలేయాలా?

ఫ్రిస్కో_నాన్న
అమ్మాయి ఈ ఫాల్‌లో అమెరికా కాలేజీలకి అప్లై చేస్తుంది. యూటీ ఆస్టిన్, ఇల్లినాయ్ అర్బానా, బర్క్‌లీ, ఎంఐటీ అనుకుంటున్నాం. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి పనికొచ్చే ఒకే అప్లికేషన్) జాతి అడిగే చోట ‘ఏషియన్’ అని టిక్ పెడితే దెబ్బా? సీఎస్‌కి పోటీ ఎక్కువ కాబట్టి లింగ్విస్టిక్స్ పెట్టి, చేరాక మారిపోవచ్చంటున్నారు. నిజమేనా?

ఎర్రబస్సు
ఆ బాక్సు గురించి బుర్ర పాడుచేసుకోకండి. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో, జాతిని బట్టి సీట్లివ్వకూడదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఆ జవాబు కనపడకుండా దాచుకునే వీలు కామన్ యాప్ కాలేజీలకిచ్చింది. బర్క్‌లీకి ఆ గొడవే లేదు. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రాపొజిషన్ 209 వల్ల అక్కడ జాతి చూడకూడదు. అయినా మన ఇంటిపేర్లు చూశాక ఇంకా దాచేదేముందండీ!

తీర్పుతో మనవాళ్లకి సీట్లు ఎడాపెడా వచ్చేశాయన్నది కూడా సగం మాటే. 2024లో చేరిన బ్యాచ్‌లో ఏషియన్ల వాటా ఎంఐటీలో 40 నుంచి 47 శాతానికి పెరిగింది, యేల్‌లో 30 నుంచి 24కి పడిపోయింది, హార్వర్డ్‌లో 37 దగ్గరే ఆగింది.

జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో వ్యాసంలో రాసుకోవచ్చని ఆ తీర్పులోనే ఉంది. కానీ 650 పదాల్లో ‘మా సంస్కృతి గొప్పది’ అంటే ఎవరూ చదవరు. ఇంగ్లీషు రాని అమ్మమ్మకి డాక్టరు మాటలు తెలుగులో చెప్పడం లాంటిది, పిల్ల నిజంగా చేసిన పని ఉండాలి.

గోంగూర_పచ్చడి
అసలు చిక్కు మేజర్‌తోనే (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టు). మీ నాలుగు కాలేజీలూ నాలుగు రకాలు.

ఎంఐటీలో మేజర్ చూసి సీటివ్వరు. మొదటి ఏడాది చివర్లో ఎంచుకుంటారు, కాబట్టి అక్కడ ఈ ఎత్తు దండగ. బర్క్‌లీ 2023 ఫాల్ నుంచి సీఎస్‌కి నేరుగా సీటిస్తోంది. వేరే మేజర్‌లో చేరితే మళ్లీ దరఖాస్తు, మళ్లీ పోటీ. అర్బానాలో లోపలి నుంచి సీఎస్‌కి మారే దారి దాదాపు మూసేశారు. కాకపోతే అక్కడ ‘సీఎస్ ప్లస్ లింగ్విస్టిక్స్’ అనే డిగ్రీ ఉంది. భాషలంటే నిజంగా ఇష్టమైతే మొదటే అది పెట్టండి. అదీ సులువని కాదు.

యూటీలో చాలామంది పొరబడతారు. క్లాసులో పైన ఉన్న టెక్సస్ పిల్లలకి ఆటోమేటిక్ అడ్మిషన్ ఉంది (2026 ఫాల్ నుంచి 6 శాతం కాస్తా 5 శాతమైంది). అది యూనివర్సిటీలోకి మాత్రమే, కోరిన మేజర్‌లోకి కాదు.

దొడ్డిదారి అప్లికేషన్‌లోనే దొరికిపోతుంది. ఏపీ సీఎస్ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కంప్యూటర్ సైన్స్ కోర్సు), రోబోటిక్స్, కోడింగ్ పోటీలు నింపి లింగ్విస్టిక్స్ అంటే, చదివేవాడికి అర్థం కాదా?

ఫ్రిస్కో_నాన్న
థాంక్సండీ. యూటీలో రెండో ఛాయిస్ ఏం పెట్టాలి?

గోంగూర_పచ్చడి
మొదటిదానికి ఎంత గిరాకీ ఉందో అంతే ఉన్న ఇంజనీరింగ్ బ్రాంచి మాత్రం వద్దు. సీఎస్‌కి ఎప్పటికీ మారలేకపోయినా నాలుగేళ్లు ఇష్టంగా చదవగలిగేది పెట్టించండి. మాథ్స్ అయితే ప్రోగ్రామింగ్ ఎటూ వదలదు.

ఎర్రబస్సు
బర్క్‌లీకి కామన్ యాప్ పనిచేయదు, యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) అప్లికేషన్ వేరు. శాట్ స్కోరు చూడరు. 8 ప్రశ్నల్లో 4కి ఒక్కోదానికి 350 పదాల్లోపు రాయాలి. కామన్ యాప్ వ్యాసాన్నే ముక్కలు చేసి అతికిస్తే అతకదు, అక్టోబరులోనే మొదలుపెట్టించండి.