1970 డాట్సన్ 240జెడ్: డీలరు బిగించిన సామానుకు అసలు ధర ఏది?

పాతబిల్లు:
1970 ఆగస్టులో తయారై, అదే ఏడాది నవంబరులో టెక్సాస్‌లో ఒక డీలరు అమ్మిన 240జెడ్, అంటే డాట్సన్ వారి జపాన్ స్పోర్ట్స్ కారు, నాలుగేళ్లుగా నా గ్యారేజీలో ఉంది. మొదటి యజమాని కుమార్తె గత నెలలో పాత కాగితాల కవరు ఒకటి పంపించారు. అందులో డీలరు బిల్లు కార్బన్ నకలు దొరికింది. నీలి అక్షరాలు సగం అలుక్కుపోయాయి, పిన్ను తుప్పు పట్టి మూలన గోధుమరంగు మచ్చ పడింది. అయినా అంకెలు చదవడానికి వస్తున్నాయి: కారు 3,526 డాలర్లు, రవాణాకూ కారును సిద్ధం చేసినందుకూ కలిపి 96, దాని కింద ‘ఎయిర్, మ్యాగ్స్, మౌల్డింగ్’ అని ఒకే వరుసలో 785, పన్నుకు ముందు మొత్తం 4,407 డాలర్లు. ఏసీ, నాలుగు మ్యాగ్ (తేలికపాటి మిశ్రలోహపు) చక్రాలు, తలుపుల పక్క పట్టీలు, ఈ మూడూ డీలరు బిగించినవే. వచ్చే ప్రదర్శనలో కారు పక్కన పెట్టే పలకపై ఒక్కొక్క వస్తువుకు అప్పటి అసలు ధర రాయాలని నా కోరిక. ఈ 785ను ఎలా విడదీయాలో తెలిసినవారు చెప్పగలరా?

డల్లాస్_గ్యారేజీ:
1970 నాటి డాలరు ఇప్పటి లెక్కలో సుమారు 8 రెట్లు కాబట్టి ఆ ఒక్క వరుసే నేడు 6,300 డాలర్ల దాకా అవుతుంది.

రెంచి:
విడదీయవలసిన అవసరమే లేదు, ఎందుకంటే అది ధర కాదు. అమెరికాలో 1958లో ఓక్లహోమా సెనెటరు మన్రోనీ తెచ్చిన చట్టం ప్రకారం కొత్త కారు అద్దంపై అంటించే చీటీలో తయారీదారు లేదా దిగుమతిదారు సూచించిన ధర, రవాణా ఖర్చు, కారు డీలరుకు చేరేటప్పటికే దానికి బిగించి ఉన్న అదనపు సామాను ధర ఉండాలి. డీలరు ఆ తరువాత బిగించినవి ఆ చీటీలోకి రావు. వాటికి డీలరు తనకు తోచిన అంకె వేసి, పక్కన ఇంకొక చీటీ అంటించేవాడు. 240జెడ్ వచ్చిన కొత్తలో కార్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ. నెలల తరబడి వరుసలో నిలబడిన మనిషికి, చక్రాలూ ఏసీ ఉన్న కారైతే ఈ వారమే ఇస్తామని చెబితే అతను కాదనగలడా? చీటీ మీది ధర పెంచితే కంటికి కనిపిస్తుంది కనుక, ఆ పెంపును మ్యాగ్ చక్రాల పేరుతో రాసుకున్నారు. మన సంతలో కొసరు అడిగి పుచ్చుకుంటాం. అక్కడ కొసరుకు డబ్బిచ్చి అసలును పుచ్చుకున్నారు. అసలు ధర అని రాయాలంటే 3,526 అని రాసి ఆపండి.

ఎల్24:
రెంచి గారు చట్టాన్ని సరిగ్గానే చెప్పి, దాని నుండి రాని నిర్ణయానికి వచ్చారు. చీటీలో ఏముండాలో చట్టం చెబుతుంది కానీ, చీటీలో లేనిదానికి ధరే లేదని చెప్పదు. పైగా చట్టం ప్రకారమే చీటీ మీది ధర సూచన మాత్రమే, డీలరు అంతకే అమ్మాలని నిర్బంధం లేదు. కాబట్టి 3,526 ఎవరో సూచించిన అంకె, 785 ఒక మనిషి జేబులోంచి తీసి ఇచ్చిన అంకె. రెండింటిలో ఏది అసలైనదని అడిగితే నేను రెండోదే అంటాను. టెక్సాస్ ఎండలో, అంత పెద్ద వెనుక అద్దం ఉన్న కారులో, ఏసీని బలవంతపు కొనుగోలు అనడం కూడా నాకు విడ్డూరంగానే ఉంది.

రెంచి:
ఆ 785లో సామాను ఎంత, బిగించిన కూలి ఎంత, వరుసలో ముందుకు జరిపినందుకు ఎంత, ఈ మూడింటినీ మీరు విడదీసి చూపగలిగితే నేను ఒప్పుకుంటాను.

నిజామాబాదీ:
ఇవి డీలరు దగ్గరే బిగించారని ఎలా నిర్ధారించారు? దిగుమతిదారు రేవులోనే బిగించి ఉంటే అవి డీలరుకు చేరేనాటికే కారు మీద ఉన్నట్టు. అప్పుడు మన్రోనీ చీటీలో ఉండి తీరాలి. ముందు ఈ సంగతి తేలాలి.

పాతబిల్లు:
బిల్లు మీద డీలరు వర్క్‌షాపు ముద్ర, బిగించిన తేదీ ఉన్నాయి. రేవు ప్రసక్తి లేదు.

నిజామాబాదీ:
ముద్ర వేసినంత మాత్రాన పని అక్కడే జరిగిందని అనలేము. మన్రోనీ చీటీ దొరికేవరకు రేవు సంగతి తేలనట్టే.

ఆటోనగర్:
నా దగ్గర 1972 నాటి విడిభాగాల ధరల పట్టిక ఒకటి ఉంది. అందులోని ధరల నిష్పత్తిని బట్టి 785ను మూడు వస్తువులకు పంచితే సరిపోతుంది కదా?

ఎల్24:
సరిపోదు. 1970లో డాలరుకు 360 యెన్‌లు వచ్చేవి. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ దిగుమతులపై 10 శాతం అదనపు సుంకం ప్రకటించారు, ఆ డిసెంబరు ఒప్పందంతో డాలరుకు వచ్చేది 308 యెన్‌లకు తగ్గింది. కారును జపాన్ నుంచి తెచ్చేవారికి ఈ మార్పు నేరుగా తగిలింది. అయితే డీలరు బిగించిన ఏసీలు, మ్యాగ్ చక్రాలు చాలావరకు అమెరికాలోనే తయారైనవి కాబట్టి వాటికి ఆ లెక్క వర్తించదు. యెన్‌లలో కొన్న వస్తువు ధర ఒక దారిలోనూ, డాలర్లలో కొన్న వస్తువు ధర ఇంకొక దారిలోనూ నడిచిన తరువాత, 1972 నిష్పత్తిని 1970 బిల్లుపై రుద్దడం కుదరదు.

ఆటోనగర్:
అలాగే కానివ్వండి. కానీ రెంచి గారి మాటలో నిజం ఉందని నా అనుభవం చెబుతోంది. 2019లో విజయవాడలో నేను కారు బుక్ చేసినప్పుడు, దసరాకు ముందు కావాలంటే ‘ఎసెన్షియల్ కిట్’ తీసుకోవాలని షోరూమువారు పట్టుబట్టారు. మ్యాట్లు, మడ్‌ఫ్లాపులు, ఒక బాడీ కవరు, దేవుడి బొమ్మ, అన్నీ కలిపి 28,000 రూపాయలన్నారు. కారు తీసుకున్న మరునాడు ఆటోనగర్‌లో అడిగితే అవే మ్యాట్లు మూడో వంతుకు ఇస్తామన్నారు. యాభై ఏళ్ల తరువాత మా మనవడు ఆ బిల్లు చూసి మడ్‌ఫ్లాపుల అసలు ధర ఎంతని రాయాలి? ఆ దేవుడి బొమ్మకు కూడా వాళ్లు రేటు కట్టారు.

ఎల్24:
మీకు జరిగింది అన్యాయమే, దాన్ని కాదనను. కానీ 2019లో విజయవాడలో మీకు కలిగిన మంట 1970లో టెక్సాస్‌లో ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం కాజాలదు. రెంచి గారు కూడా ఊహనే రుజువుగా చూపుతున్నారు. ఈ ఒక్క బిల్లులో బలవంతం జరిగిందని చెప్పే అక్షరం ఒక్కటైనా ఉందా? రెంచి గారూ, మూడేళ్లుగా డీలరు సామాను మాట ఎత్తిన ప్రతి చర్చలోనూ మీరు ఇదే పాట పాడుతున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపుతున్నట్టు ఉంది.

రెంచి:
నా అత్త ఎవరో మీరే చెప్పండి, వింటాను.

ఎల్24:
చెబుతాను. 2016లో మీ కారుకు మరమ్మతు చేసినప్పుడు మీరు దాని ఏసీని పూర్తిగా పీకేశారు. కంప్రెసర్, గొట్టాలు, డాష్ కింది పెట్టె, అన్నీ. గొట్టాలు వెళ్లిన ఫైర్‌వాల్ (ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకు గోడ) రంధ్రాలకు రేకు వేసి వెల్డింగ్ చేయించి, ఫోటోలు ఇక్కడే పెట్టారు. ఆ ఏసీ మొదటి యజమాని కొన్న రోజున డీలరు బిగించినదేనని ఆనాడు మీరే రాశారు. డీలరు సామాను కారులో భాగమని ఈరోజు ఒప్పుకుంటే, ఆనాడు మీరు చెత్తలో వేసింది ఆ కారు చరిత్రనే అవుతుంది. అందుకే మీకు అది ధర కాకూడదు.

డల్లాస్_గ్యారేజీ:
పెద్దలిద్దరూ కాస్త నిదానించాలని నా మనవి.

రెంచి:
నిదానంగానే రాస్తున్నాను. అవును, పీకేశాను. ఆ కంప్రెసర్ రెండు సిలిండర్ల ఇనుప దిమ్మ, ఒక చేత్తో ఎత్తగలిగేది కాదు. దాని బ్రాకెట్ కంపనానికి బోల్టు ఊడిపోతూ ఉండేది. మెకానిక్ ఎవరో గానీ ఫైర్‌వాల్‌కు డ్రిల్లుతో వంకర రంధ్రాలు చేసి, అంచుకు రబ్బరు వాషరైనా వేయకుండా వదిలేశాడు. చుట్టూ అరచేయంత మేర తుప్పు పట్టి, వాన పడితే నీళ్లు కాళ్ల దగ్గరికి కారేవి. కర్మాగారంలో మనుషులు కొలతలు తీసి కట్టిన బండికి, ఒక మధ్యాహ్నం డీలరు షెడ్డులో జరిగిన పనిని సమానంగా నిలబెట్టి, రెండింటికీ ఒకే పలక మీద ‘అసలు’ అని రాయడానికి నా మనసు ఒప్పదు. నేను చెబుతున్నది డబ్బు సంగతి కాదు.

ఎల్24:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే మన్రోనీ గారిని మధ్యలోకి లాగవలసిన పని ఉండేది కాదు. మీకు కారు పుట్టుక కర్మాగారంతో ముగుస్తుంది. నాకు మొదటి యజమాని తాళం చెవి అందుకున్న రోజుతో ముగుస్తుంది. ఆ మనిషి ఏసీ లేని 240జెడ్‌ను ఒక్క రోజు కూడా ఎరుగడు. వంకర రంధ్రంతో సహా అది ఆయన కారు.

నిజామాబాదీ:
రేవు ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు.

పాతబిల్లు:
నిన్న ఆ కుమార్తెకు ఫోన్ చేశాను. తండ్రి చక్రాలు తనే ముచ్చటపడి అడిగాడని, ఏసీ విషయంలో మాత్రం ఇంట్లో గొడవ జరిగిందని, అది కావాలని పట్టుబట్టింది తన తల్లేనని ఆవిడ చెప్పారు. పక్క పట్టీల గురించి ఆవిడకు ఏమీ గుర్తు లేదు. పలక మీద 785ను విడదీయకుండా, బిల్లులో ఉన్నట్టే ఒకే వరుసగా రాస్తున్నాను. రెంచి గారు, మీరు పీకిన ఏసీలో కంప్రెసర్ బ్రాకెట్ ఇంకా ఉంటే దయచేసి కొలతలు పంపండి, నాది పగిలింది.

రెంచి:
బ్రాకెట్ అటక మీద ఉంది, ఆదివారం తీసి పంపుతాను, డబ్బు వద్దు. పలక మీద ‘డీలరు బిగించినవి’ అని రాయండి, ‘అసలు’ అనే మాట మాత్రం వాడకండి.

ఎల్24:
ఆ మాట తప్పక వాడండి.